ఉప్పునీళ్లలో ఇడ్లీపాత్ర

హుమ్మ ఊరు దాటాక ఉప్పుమళ్ల వైపు దిగే మట్టిదారిలో తెల్ల అంబాసిడర్ ఒకటి బానెట్ ఎత్తుకుని ఆగి ఉంది. హైవే మీద పోయే లారీవాళ్ల కంటికి అది ఇంజన్ వేడెక్కిన కారు. పక్కన నీళ్లసీసాతో నిలబడ్డ బట్టతల మనిషి, పెళ్లికి ఆలస్యమై విసుక్కుంటున్న పెద్దమనిషి.

కాశయ్య సైకిలు దిగాడు. "రంభ బస్సు వెళ్లిపోయిందా అండీ?"

"వెళ్లింది. దాని వెనకే ఖాళీ బస్సు కూడా వెళ్లింది."

కోడ్ సరిపోయింది. కాశయ్య సైకిలుకి స్టాండు వేసి బానెట్ కింద తల దూర్చాడు. బట్టతల మనిషీ దూర్చాడు. ఆయన పేరు లక్ష్మణరావు. గూఢచారి బ్యూరోలో తూర్పు తీరం డెస్కు ఆయనదే. ముఖ్యమైన మాటలన్నీ ఇలా ఇంజనాయిల్ వాసన మధ్యే చెప్పడం ఆయనకి అలవాటు.

"ఈసారి ఎవరి వెంట పడాలి సార్?"

"ఎవరి వెంటా కాదు. చదువుకోవాలి."

కాశయ్య తలెత్తబోయి బానెట్‌కి కొట్టుకున్నాడు.

"బరంపురంలో అస్కా రోడ్డు మీద ఋషికుల్య అసోసియేట్స్ అని ఒక లా ఫర్మ్ ఉంది. పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు చూస్తారు. నువ్వు అక్కడ ట్రైనీవి. పేరు కొండబాబు. అస్కా దగ్గర చెరకు రైతు కొడుకువి. బీఎస్సీ నీదే. ఎల్ఎల్‌బీ మాది."

"అక్కడేముంది?"

"ప్రాజెక్ట్ గవ్వ."

సంగతి ఇదీ. సీతాలు అనే శాస్త్రవేత్త ఒక పూత కనిపెట్టింది. ఓడ అడుగున పూస్తే గవ్వలు అంటవు, నాచు పట్టదు. అది పైపై లాభం. అసలు లాభం ఇంకోటి. ఆ పూత సోనార్ శబ్దాన్ని మింగేస్తుంది. అది పూసుకున్న జలాంతర్గామి పక్కనుంచి పోయినా శత్రువుకి సముద్రం ఖాళీగానే వినిపిస్తుంది. సీతాలుకి ఒకప్పుడు చట్టం పాఠాలు చెప్పిన నరసన్న పాత్రుడు పెట్టిన ఫర్మే ఋషికుల్య. అందుకే పేటెంట్ డ్రాఫ్టింగ్ వాళ్లకి అప్పగించింది. రహస్య దరఖాస్తు ఇంకా దాఖలు కాలేదు.

"తయారీలో మూడు దశలున్నాయి," అన్నాడు లక్ష్మణరావు. "ఒకటి, సముద్రపు ఇసుకలోని ఖనిజప్పొడిని రెండు పొరలుగా పరచడం. రెండు, ఆ పొరల మధ్య గాలిబుడగల్ని బంధించడం. ఈ రెండూ సిల్వర్ నెట్ చేతికి చిక్కాయని మనం మధ్యలో పట్టిన వాళ్ల సందేశం చెబుతోంది."

సిల్వర్ నెట్ ఒక విదేశీ ముఠా. దేశాల రహస్యాలు పట్టుకొచ్చి వేరే దేశాలకి అమ్ముకోవడం దాని వృత్తి.

"మూడోది?"

"ఉప్పునీళ్లలో ముంచి గట్టిపరచడం. ఎంత వేడి, ఎంతసేపు అన్నదే కీలకం. అది దాటిందంటే మనకంటే ముందు వాళ్లు ఫైల్ చేస్తారు. మన పూత వేసుకుని వాళ్ల జలాంతర్గాములు మన తీరానికే వస్తాయి." లక్ష్మణరావు రేడియేటర్ మూత బిగించాడు. "ఫర్మ్ లోపల మనకొక సోర్స్ ఉంది. కోడ్‌నేమ్ మొగలి. అదెవరో నీకు తెలియక్కర్లేదు. మొగలి కబుర్లు నా ద్వారానే వస్తాయి."

బానెట్ దబ్బున మూసుకుంది. బ్రీఫింగ్ అయిపోయింది.

* * *

ఋషికుల్య అసోసియేట్స్ ఒక పాత పెంకుటింట్లో నడిచేది. ఆ ఇంట్లో గదులకి తలుపుల్లేవు. ఫర్మ్ పెట్టిన కొత్తలోనే నరసన్న తలుపులన్నీ ఊడబీకించి, వాటిలో రెండింటిని కలిపి భోజనాలబల్ల చేయించాడు. కాశయ్య కంచం పెట్టుకునే చోట ఇంకా ఒక ఇత్తడి గొళ్లెం ఉండేది.

పేటెంట్ చట్టం మారి ఎంతో కాలం కాలేదు. ల్యాండ్‌లైనుకి ఇంకా విలువున్న రోజులు. పెద్ద నగరాల ఫర్ముల్లో జూనియర్లు సీనియర్ల మొహం చూడ్డానికే వారాలు పట్టే కాలంలో, ఈ ఇంట్లో మాత్రం రోజూ భోజనానికి ముందు అందరూ ఆ బల్ల చుట్టూ కూర్చుని క్లాసు వినాలి. చెప్పేది ఎంత పెద్దవాళ్లయినా, ప్రశ్న లేచిందంటే ఆగి జవాబివ్వాలి. ఒక్కొక్కరికి మూడు ప్రశ్నలు. అడిగేవాళ్లకి ఎవరూ అడ్డురాకూడదు. పనిలో తప్పు చేసినవాళ్లు ఆ తప్పేమిటో బల్ల దగ్గర వాళ్లే చెప్పాలి. చెప్పినవాళ్లకి ఆ రోజు మొదటి వడ్డన.

చేరిన కొత్తలో కాశయ్య ఒక ట్రేడ్‌మార్కు జవాబులో గడువు తేదీ తప్పు వేశాడు. బల్ల దగ్గర లేచి ఒప్పుకున్నాడు. నరసన్న గరిటె అందుకుని, ఆయనే స్వయంగా పప్పు వడ్డించాడు.

"తిను బాబూ. తప్పు సెప్పేసినావు గదా, ఇంక అది నీది కాదు, మనందరిదీని."

కాశయ్య కంచం చివరి మెతుకుదాకా ఊడ్చాడు. తప్పు చేసినందుకు అతనికి ఎవరైనా అన్నం పెట్టడం అదే మొదలు. బ్యూరోలో తప్పుకి లెక్కలు వేరు.

అక్కడ ట్రైనింగ్ హెడ్ సత్యవతి. చాలా ఏళ్లు విదేశాల్లో పెద్ద ఫర్ములలో పనిచేసి వచ్చింది. బరంపురం పట్టుచీర కట్టి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఎర్రకారు తనే నడుపుకుంటూ దిగితే, ఎదురు కొట్లోవాళ్లు తూకం మర్చిపోయేవారు. కానీ కాశయ్యకి ఆమె అందం కంటే ఆమె పాఠం ఎక్కువ ఇష్టమైంది.

"పేటెంట్‌లో క్లెయిమ్ అంటే కంచె, కొండబాబూ. ఎంతవరకు నీదో చెప్పే వాక్యం. చదివేటప్పుడు వస్తువుల పేర్లు చూసి మోసపోకు. గొడుగంటాడు, గొట్టమంటాడు. ఆ పేర్లన్నీ చెరిపెయ్. ఏది దేన్ని ఏం చేస్తోందో మిగులుతుంది. అదే ఇన్వెన్షన్."

ఆమె క్లాసుని దూరపు ఊళ్ల విద్యార్థులు కొందరు ఫోనులో వినేవారు. బల్ల మధ్య మూడు కాళ్ల పీతలాంటి కాన్ఫరెన్స్ ఫోను ఉండేది. వాళ్లలో మార్టిన్ అని ఒకడు ఒక్క క్లాసూ తప్పేవాడు కాదు.

సాయంత్రం భాపూర్ బజార్‌లోని అద్దెగదికి చేరాక కాశయ్యతో మాట్లాడేవాళ్లు ఉండేవారు కాదు. చాపమీద కూర్చుని ఆ రోజు పాఠాన్ని గోడకి వినిపించేవాడు. గోడ ప్రశ్నలు వేయదు. అయినా ఒకసారి అలవాటుకొద్దీ ఆగి చూశాడు.

ఒకరోజు భోజనంలో చేపలపులుసు. అందరూ తిని లేచారు. కాశయ్య చేతులు కడుక్కుంటుంటే సత్యవతి వెనకనుంచి మెల్లగా అంది.

"నువ్వు అస్కావాడివి కాదు."

కాశయ్య చేతులు కుళాయి కింద ఆగిపోయాయి.

"చెరకు తోటల్లో పెరిగినవాళ్లు ముల్లుని వేళ్లతో వెతుకుతారు. నువ్వు నోట్లోనే తీసి పెదవి చివరికి తెచ్చావు. సముద్రం ఒడ్డువాళ్లే అలా తింటారు." ఆమె నవ్వింది. "భయపడకు. ఎవరికీ చెప్పను. చెప్పుకోలేని ఊరు నాకూ ఒకటుంది."

ఆ రాత్రి బ్యూరోకి పంపిన రిపోర్టులో కాశయ్య ఈ సంగతి చేర్చలేదు. చేర్చకపోవడానికి కారణం తనకే సరిగ్గా తెలియలేదు. తన గురించి నిజమైన ముక్క ఒకటి ఈ ఊళ్లో ఒకరికి తెలుసన్న ఊహ అతనికి కప్పుకోవడానికి దొరికిన దుప్పటిలా ఉంది.

* * *

మొగలి నుంచి కబురొచ్చింది. గవ్వ డ్రాఫ్టు రాస్తున్న సీనియర్ అడ్వకేటు అసిరయ్యని గమనించమని.

అసిరయ్య ఆ ఫర్మ్‌లో అందరికంటే పాతవాడు. బల్ల చివర కూర్చుంటాడు. అవసరానికి ఒకటి రెండు మాటలు, అవీ మెల్లగా. అన్నేళ్లలో ఒక్క క్లాసులోనూ ప్రశ్న అడిగినవాడు కాదు. శనివారం మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి చమఖండి పోతాడని, అక్కడ సముద్రం ఒడ్డున ఎవరినో కలుస్తాడని మొగలి చెప్పింది.

కాశయ్య ఎస్టీడీ బూతులో రిసీవర్‌ని ఒక చెవినుంచి ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"వేరేవాళ్లని పంపండి సార్. అది మా ఊరు."

"నీకు ఊరు లేదు. ఆ ఊళ్లో నువ్వు చచ్చిపోయావు," అన్నాడు లక్ష్మణరావు.

నిజమే. బ్యూరో అతన్ని తీసుకున్నప్పుడు, వేటకెళ్లిన పడవ తిరగబడి గల్లంతయ్యాడని కబురు పుట్టించారు. ఇంట్లోవాళ్లు నమ్మారు. కర్మ కూడా చేశారు.

శనివారం కాశయ్య ఐసు ఫ్యాక్టరీ ఏజెంటయ్యాడు. పెట్టుడుగడ్డం, తలకి టోపీ, చేతిలో గొడుగు. గొడుగు పిడిలో దూరంనుంచి మాటలు పట్టే మైకు. అసిరయ్య పడవలు దాటి, జనం లేనివైపు నడిచి, అలలకి ఎదురుగా నిలబడ్డాడు. కాశయ్య ఒక బోర్లించిన పడవ చాటున కూర్చుని పిడిని అటు తిప్పాడు. చెవిలో గాలి హోరు, దాని మధ్య ఒక గొంతు.

"మే... మే... మేడమ్. నా... నాకో ప్ర... ప్రశ్న."

ఎవరూ రాలేదు. అసిరయ్య ఊపిరి పీల్చుకున్నాడు. మళ్లీ మొదటినుంచి అన్నాడు. మళ్లీ. ఆ వారం క్లాసులో అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే సముద్రానికి చెప్పుకున్నాడు. ఒక్కోసారి మాట మధ్యలో చిక్కుకుంటే కళ్లు మూసుకుని, చెయ్యి ముందుకు చాచి, దాన్ని లాగినట్టు లాగేవాడు. పొద్దువాలే వేళకి ఒక ప్రశ్న మాత్రం చివరిదాకా వచ్చింది. అతను చిన్నపిల్లాడిలా చుట్టూ చూసుకుని నవ్వుకున్నాడు.

కాశయ్య మైకు ఆపేశాడు. ముఠాల గుట్టు ఎన్నోసార్లు దొంగతనంగా విన్నాడు. ఎప్పుడూ లేనిది, ఈసారి సిగ్గేసింది.

తిరిగి వెళ్తుంటే ఇసుకలో పరిచిన ఎండుచేపల పక్కన ఒక ఆడమనిషి గొంతుకూర్చుని వాటిని తిరగేస్తోంది. జుట్టు ముందువైపు తెల్లబడింది. చెయ్యి ఆడించే తీరు మారలేదు. జగ్గమ్మ, అతని అక్క.

తలొంచుకుని దాటిపోదామనుకున్నాడు.

"ఓ బాబూ! ఎండుసేపలు గావాలేటి? ఈ పొద్దే ఎండినాయి, సూడు."

అతను ఆగక తప్పలేదు. గొంతు మార్చి, తెలుగు రాదని ఒడియాలో అన్నాడు. "మోతే తెలుగు ఆసె నాహిఁ."

జగ్గమ్మ పట్టించుకోలేదు. చేపల్ని ఆకులో చుడుతూ తనలో తను అనుకున్నట్టు అంది. "మా తమ్ముడు నీనాగే నడిసేవోడు బాబూ. ఎడమకాలు కూసింత యీడ్సుకుంటా. సముద్రం అట్టుకుపోనాది ఆడ్ని."

అతను అర్థం కానట్టు చూశాడు. అర్థం కాలేదనుకుని, ఆమె పాపం, అదే మాట మళ్లీ ఒడియాలో చెప్పింది. తమ్ముడు, నడక, ఎడమకాలు, సముద్రం.

రెండోసారి వినడం ఎక్కువ కష్టమైంది. పొట్లం తీసుకుని బస్సు వైపు నడిచాడు. ఎడమకాలు ఈడ్వకుండా నడవాలని చూశాడు. అలా చూసినకొద్దీ కాలు మరీ బరువెక్కింది.

* * *

"అసిరయ్య క్లీన్ సార్."

"మొగలి మాత్రం అతనేనంటోంది. మళ్లీ కబురు పంపింది."

ఆ వారం కాశయ్య నిద్ర సరిగ్గా పోలేదు. అసిరయ్య శనివారం ప్రయాణాలు మొగలికి ఎలా తెలుసు? వెంటపడినవాళ్లకే తెలియాలి. వెంటపడి, అతను అక్కడేం చేస్తున్నాడో చూసి కూడా, ఎవరినో కలుస్తున్నాడని అబద్ధం చెప్పడమెందుకు?

బుధవారం సత్యవతి క్లాసు ముగిస్తూ అంది. "రేపు మూడో ఎక్సర్‌సైజుకి మోడల్ ఆన్సర్ చెబుతాను. మొదటిది కుక్కర్ మూత. రెండోది ఊరగాయ జాడీ. రేపు ఇడ్లీపాత్ర, పూత వేసి ఉప్పునీళ్లలో ముంచేది. ఫోనులో ఉన్నవాళ్లు తప్పకుండా వినండి."

గదికి వచ్చి కాశయ్య ఎప్పట్లాగే గోడకి పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టాడు. కుక్కర్ మూత అంచున సన్నటి పొడి, రెండు పొరలుగా. జాడీ లోపలి పూతలో చిక్కుకున్న గాలిబుడగలు. ఇడ్లీపాత్రని ఉప్పునీళ్లలో...

ఆగిపోయాడు. ఆమె నేర్పిన పనే చేశాడు. పేర్లు చెరిపేశాడు. కుక్కర్ లేదు, జాడీ లేదు, ఇడ్లీపాత్ర లేదు. రెండు పొరల పొడి. మధ్యలో గాలి. ఆపైన ఉప్పునీళ్లు.

గవ్వ.

లీకు ఏ దొంగదారినా పోవడం లేదు. తలుపుల్లేని ఇంట్లో, అందరి ఎదుట, పాఠంగా పోతోంది. ఫోనుకి అవతల మార్టిన్ రాసుకుంటున్నాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా బూతుకి పరిగెత్తాడు. లక్ష్మణరావుకి అంతా చెప్పాడు.

"కాశయ్యా," అన్నాడాయన అంతా విని. ఫోనులో అసలు పేరు వాడటం నిషేధం. ఆయనా ఆ సంగతి మర్చిపోయాడు. "మొగలి ఆమే."

సత్యవతి రెండు వైపులా పనిచేస్తోంది. బ్యూరో ఎలాగూ పసిగడుతుందని ముందే తనే లీకు సంగతి చెప్పి, వేలు మాత్రం నోరు తిరగని మనిషి వైపు చూపించింది.

"ఇప్పుడే పట్టుకుందామా సార్?"

"వద్దు. మార్టిన్ ఎక్కడుంటాడో తెలీదు. రేపు ఆ లైను మీదే ట్రేస్ చేస్తాం. దగ్గర్లోనే ఉన్నాడని అనుమానం. లైను తెగితే పారిపోతాడు. మూడో దశ వినబడితే గెలుస్తాడు. అర్థమైందా? లైను తెగకూడదు, మాట దాటకూడదు. వాడు దొరికాక మన మనిషి ఆ ఫోనులోనే 'ఉప్పు ఎండింది' అంటాడు. అందాకా నువ్వే చూసుకోవాలి."

"ఎలా చూసుకోను?"

"పొద్దున్నే ఒక టిఫిన్ క్యారియర్ పంపిస్తున్నాను. అడుగు గిన్నెలో జామర్ ఉంది. ఆమె సెల్‌ఫోన్లో ఎవరినీ హెచ్చరించకుండా ఆపుతుంది."

"ల్యాండ్‌లైనుని?"

"ల్యాండ్‌లైనుని నువ్వాపాలి."

* * *

గురువారం. బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. తలవైపు నరసన్న, చివర అసిరయ్య. వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. కాశయ్య కాళ్ల దగ్గర టిఫిన్ క్యారియర్ ఉంది, అతని కొత్త కళ్లద్దాల కాడలో మైకు ఆన్ అయి ఉంది. సత్యవతి ఆకుపచ్చ పట్టుచీరలో నిలబడి ఫోను మీదికి వంగింది.

"వినిపిస్తోందా?"

"స్పష్టంగా, మేడమ్," అంది మార్టిన్ గొంతు.

"సరే. మోడల్ ఆన్సర్. రాసుకోండి. ఒక ఇడ్లీపాత్ర, పూత వేసిన తర్వాత ఉప్పునీళ్లలో ముంచి..."

కాశయ్య చెయ్యెత్తాడు. "ప్రశ్న మేడమ్. పాత్ర అని రాస్తే రేకులు కూడా వస్తాయా, విడిగా చెప్పాలా?"

ఆమె ఆగింది. రేకుల గురించి చెప్పింది. చక్కగా, ఉదాహరణతో సహా చెప్పింది. అతను వింటూ ఒక్క క్షణం తన పనే మర్చిపోయాడు.

"ముంచిన తర్వాత ఆ నీళ్లని..."

"ప్రశ్న మేడమ్. ముంచడం అంటే పూర్తిగా మునగాలా? సగం మునిగితే పోటీవాడు కంచె దాటినట్టేనా?"

దీనికీ జవాబు చెప్పింది. ఈసారి చెబుతూ అతని మొహం చూసింది. మూడో ప్రశ్న ఉప్పుకీ ఉప్పులాంటిదానికీ తేడా ఏమిటని. ఆ జవాబు క్లుప్తంగా ముగిసింది. ఆమె చూపు కళ్లద్దాల కాడ మీద ఆగింది. తెలిసిపోయింది. చేతిసంచిలో సెల్‌ఫోను నొక్కి చూసింది. సిగ్నల్ లేదు.

"కొండబాబూ, నీ మూడూ అయిపోయాయి," అంది మామూలుగా. తర్వాత ఫోనుకి దగ్గరగా వంగి, గబగబా. "ఉప్పునీటి వేడి ఎంతుండాలంటే..."

కాశయ్య దగ్గర ఇంకేం మిగల్లేదు. ఒక్కటి తప్ప. అది తనది కాదు. దొంగతనంగా విన్నది.

"మేడమ్! అసిరయ్యగారు ఏదో అడగాలనుకుంటున్నారు."

బల్ల అంతా చివరికి తిరిగింది. అసిరయ్య మొహం పాలిపోయింది. నీకెలా తెలుసన్నట్టు కాశయ్య వైపు చూశాడు. ఆ చూపు కాశయ్యకి తగలాల్సిన చోటే తగిలింది. తర్వాత, కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. అసిరయ్య లేచి నిలబడ్డాడు.

"మే... మే..."

"అసిరయ్యగారూ, ముందు నేను ముగిస్తాను, తర్వాత..."

"సత్యవతీ." నరసన్న చెయ్యెత్తాడు. గొంతు పెంచలేదు. "ప్రశ్న అడుగుతున్నాడు."

అసిరయ్య కళ్లు మూసుకున్నాడు. చెయ్యి ముందుకు చాచాడు.

"మేడమ్. నా... నాకో ప్ర... ప్ర..."

ఎవరూ అందివ్వలేదు. ఎవరూ నవ్వలేదు. వంటింట్లో గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది. ఫోనులో మార్టిన్ అసహనంగా దగ్గాడు. సత్యవతి చేతివేళ్లు బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాయి. నంబరు ఆమె నాలుక చివర ఉంది. అరిచి చెప్పొచ్చు. కానీ ఆ బల్ల దగ్గర అడిగేవాడికి అడ్డు రావడం ఆమెకీ చేతకాలేదు. ఆ నియమాన్ని జూనియర్లందరికీ నేర్పింది ఆమే.

"ప్రశ్న. ఇ... ఇడ్లీపాత్రని... ఎ... ఎవరైనా..." అతని నుదుటి మీద చెమట. "ఎవరైనా ఉ... ఉప్పునీళ్లలో ఎం... ఎందుకు ముంచుతారు?"

మాట పూర్తయింది. అసిరయ్య కళ్లు తెరిచాడు. డ్రాఫ్టు రాసింది తనే. అడుగుతుండగానే తనకీ జవాబు తట్టినట్టుంది. మెల్లగా సత్యవతి వైపు తిరిగాడు. నరసన్న కూడా తిరిగాడు.

ఆమె చూపు ఫోను మీదికి పోయింది.

ఫోనులో కుర్చీ పడ్డ చప్పుడు. ఏదో పగిలింది. ఎవరో ఇంగ్లీషులో బూతు మాటన్నారు. ఆ తర్వాత ఆయాసపడుతున్న ఒక కొత్త గొంతు.

"ఉప్పు ఎండింది."

* * *

మార్టిన్ రంభలో, సరస్సు ఒడ్డున అద్దెబంగళాలో దొరికాడు. వెనక రేవులో మోటారుబోటు ఇంజను నడుస్తూనే ఉందట. సీతాలు దరఖాస్తు ఆ సాయంత్రమే దాఖలైంది.

ఋషికుల్యకి పోలీసులు వచ్చేలోపు కాశయ్య, సత్యవతి వరండాలో కాసేపు ఒంటరిగా నిలబడ్డారు.

"ప్రశ్నలు బాగా అడిగావు," అంది ఆమె. "మూడోది కొంచెం బలహీనం."

"ఎందుకు సేసినారు మేడమ్ ఇది?" అతనికి తెలియకుండానే ఊరి మాట వచ్చేసింది. "నాకు ఇంతదాకా ఎవులూ ఏటీ నేర్పలేదు. మీరే నేర్పినారు."

ఆమె రోడ్డు వైపు చూసింది. "పరాయి దేశంలో ఒక ఫ్లాటులో చాలా ఏళ్లు ఉన్నాను. ఫోను మోగేది కాదు. ఒకరోజు సిల్వర్ నెట్‌వాళ్లు చేశారు. ఇక్కడికొచ్చాక మీవాళ్లు చేశారు. ఇద్దరికీ ఊఁ అన్నాను. వారంలో రెండుసార్లు నాకోసం ఫోను మోగుతుందని." కళ్లద్దాలు పెట్టుకుంది. "నీ అసలు పేరేమిటి?"

అతను చెప్పలేదు. చెప్పకూడదు. ఆమె అర్థమైనట్టు తలాడించింది.

ఆడపోలీసులు లోపలికొచ్చేసరికి నరసన్న గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద ఒక్క కంచం పెట్టి ఉంది.

"కూకో అమ్మా," అన్నాడు. "తప్పేటో సెప్పు. సెప్పి, తిని, అప్పుడెల్లు."

వాళ్లతో వచ్చిన ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని పక్కకి జరిగాడు. సత్యవతి చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. మొదటినుంచి చివరిదాకా, పాఠం చెప్పినంత స్పష్టంగా, తప్పంతా చెప్పింది. మొదటి వడ్డన ఆమెకే జరిగింది. ఆ రోజు బల్ల దగ్గర ఇంకెవరూ తినలేదు.

కాశయ్య దొడ్డిదారిన బయటపడ్డాడు. చెప్పాల్సిన తప్పు అతనికీ ఉంది. అతని వంతు రాదు. రేపటినుంచి ఫర్మ్ దృష్టిలో కొండబాబు, ఇంట్లో ఎవరికో బాగోలేదని అస్కా వెళ్లిన ట్రైనీ. అంతే.

పెరటి గేటు దగ్గర వెనకనుంచి అడుగుల చప్పుడు. అసిరయ్య.

"నే... నేను అడగాలనుకున్నానని నీకె... నీకెలా తెలిసింది?"

"మీ మొహం చూస్తే అనిపించింది సార్."

అసిరయ్య నమ్మాడు. మొహం విప్పారింది. "వ... వచ్చేవారం కూడా అడుగుతాను. నువ్వు ఉంటావుగా?"

"ఉంటాను సార్."

అస్కా రోడ్డు మీద రిక్షాలు, బస్సులు, కాలేజీ పిల్లలు. ఎడమకాలు ఈడ్చుకుంటూనే నడిచాడు. ఇక్కడ ఆ నడకని పోల్చుకునేవాళ్లు ఎవరూ లేరు.

* * *

అంబాసిడర్ ఈసారి ఛత్రపురం దాటాక, ఒక జీడితోట పక్కన ఆగింది. బానెట్ కింద లక్ష్మణరావు హుషారుగా ఉన్నాడు.

"పైవాళ్లకి నీ రిపోర్టు తెగ నచ్చింది. ఆ ఫర్మ్‌లో నేర్చుకునే పద్ధతి గురించి రాశావు చూడు, అది మరీను. రోజూ క్లాసు, ఎవరైనా ప్రశ్న అడగొచ్చు, తప్పు చెప్పుకుంటే భోజనం. మన బ్యూరోలో కూడా పెట్టాలని ఆర్డరేశారు. వచ్చే సోమవారంనుంచే."

కాశయ్యకి చాలా కాలం తర్వాత ఛాతీలో ఏదో వెచ్చగా కదిలింది. "ఎవరెవరు వస్తారు సార్?"

"ఏజెంట్లు ఒకరి మొహం ఒకరు చూడకూడదు కదా. ఆ రూల్ మారలేదు." లక్ష్మణరావు బానెట్ దించి చేతులు దులుపుకున్నాడు. "అందుకని క్లాసుకొకరే. చెప్పేవాళ్లు కూడా ఉండరు. ప్రశ్నలుంటే మాత్రం మొహమాటపడకుండా చెయ్యెత్తు."